మాటిమాటికీ ఒంటికి ఎందుకొస్తుంది? మూత్రాశయం లోపలి సంగతులు: తరచుగా అడిగే ప్రశ్నలు

కాపురం విజయవాడ సత్యనారాయణపురంలో, ఉద్యోగం గుంటూరులో. నర్సింగ్ పిల్లలకు ఫిజియాలజీ చెబుతాను. గుండె గురించి సందేహం ఉంటే మనవాళ్లు నలుగురిలోనే అడుగుతారు. మూత్రం గురించైతే పెళ్లి భోజనాల దగ్గర చెయ్యి కడుక్కునే చోటికి పిలిచి, అటూ ఇటూ చూసి అడుగుతారు. కింద ఉన్నవన్నీ అలా పక్కకు పిలిచి అడిగినవే. నేను మందు రాయను, రాసే అర్హత కూడా లేదు. డాక్టరు గారు రాసిన చీటీ వెనక కథేమిటో మాత్రం చెప్పగలను.

మూత్రాశయం అంటే ఒక సంచి. సంచికి ఇన్ని జబ్బులేమిటండీ?

కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా మటన్ కొట్టు నుంచి మేక మూత్రాశయం ఒకటి తెప్పిస్తాను. ఖాళీగా ఉన్నప్పుడు పిండి పడేసిన తడిగుడ్డలా ముడుచుకుని అరచేతిలో పడుతుంది. సిరంజితో నీళ్లు ఎక్కిస్తూ ఉంటే ముడతలు ఒక్కొక్కటీ విడిపోతాయి. గోడ పల్చబడి, కిటికీ వైపు పట్టుకుంటే వెలుతురు కనిపిస్తుంది. "బెలూనే కదా మేడమ్" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. బెలూన్‌కి తాను ఎంత నిండిందో తెలియదు. బతికున్న మూత్రాశయానికి తెలుస్తుంది. జబ్బులన్నీ దాదాపుగా ఆ తెలియడంలోనే ఉన్నాయి.

లోపలి పొరను యూరోథీలియం అంటారు. దాని పైవరసలో గొడుగుల్లా పరుచుకున్న పెద్ద కణాలుంటాయి. యూరోప్లాకిన్ అనే ప్రొటీన్ పలకలు వాటికి పెంకులు కప్పినట్టు కప్పి ఉంటాయి. మూత్రంలోని యూరియా, లవణాలు గోడలోకి ఇంకకుండా కాపాడేవి ఇవే. సంచి సాగినప్పుడు ఈ కణాల మీద ఉన్న పీజో అనే ద్వారాలు తెరుచుకుంటాయి. లోపలికి కాల్షియం వస్తుంది, కణం ఏటీపీని బయటికి వదులుతుంది. ఏటీపీ అంటే ఒంటికి శక్తినిచ్చే ఇంధనమని టెన్త్‌లో చదివాం. ఇక్కడ మాత్రం అది కబురు మోస్తుంది. పక్కనే ఉన్న నరాల కొనల మీద పీ2ఎక్స్3 అనే రిసెప్టర్లు ఆ కబురు అందుకుని వెన్నుపాముకు చేరవేస్తాయి.

పీజో ద్వారాలను 2010లో కనుగొన్న శాస్త్రవేత్త ఆర్డెమ్ పటపౌటియన్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. పుట్టుకతోనే వాటిలో పీజో2 అనే రకం పనిచేయని మనుషులు కొందరున్నారు. వాళ్లకు సంచి నిండిన సంగతే సరిగా తెలియదు. రోజంతా వెళ్లకుండా ఉండి, ఉన్నట్టుండి పరుగెత్తాల్సి వస్తుంది. అందుకే కొందరు గడియారం చూసుకుని వెళ్తుంటారు.

నిండేటప్పుడు ఊరుకుని, వెళ్లాలనుకున్నప్పుడే బిగుసుకోవాలని దానికి ఎవరు చెబుతారు?

రెండు రకాల నరాలు. నిండుతున్నంతసేపూ సింపథెటిక్ నరాల పెత్తనం. అవి వదిలే నోర్‌అడ్రినలిన్ సంచి గోడలోని డెట్రూజర్ కండరం మీద బీటా-3 రిసెప్టర్‌ను తాకుతుంది. కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత రసాయనం పెరిగి కండరం వదులవుతుంది. అదే నోర్‌అడ్రినలిన్ సంచి మెడ దగ్గర ఆల్ఫా-1 రిసెప్టర్లను తాకి అక్కడ బిగిస్తుంది. రసాయనం ఒకటే, పైన వదులు, కింద బిగువు. అందుకే పెద్దవాళ్లలో 400 మి.లీ. దాకా ఒత్తిడి పెద్దగా పెరగకుండా నిలవ ఉంటుంది.

వెళ్లే వేళకు నడుం కింద త్రికాస్థి దగ్గర నుంచి వచ్చే పారాసింపథెటిక్ నరాలు రంగంలోకి దిగి ఎసిటైల్‌కోలిన్ వదులుతాయి. దాన్ని అందుకునే మస్కారినిక్ రిసెప్టర్లలో ఎం2, ఎం3 అని రెండు ముఖ్యమైనవి. లెక్కకు ఎం2లే చాలా ఎక్కువ, కానీ కండరాన్ని బిగించేది ప్రధానంగా ఎం3. మందబలం ఒకరిది, పెత్తనం ఇంకొకరిది. మన పక్క రాజకీయాలు తెలిసిన పిల్లలకు ఈ పాఠం రెండోసారి చెప్పక్కర్లేదు.

ఏ నరాలకు ఎప్పుడు పగ్గాలివ్వాలో నిర్ణయించే కేంద్రం మెదడు కాండంలో ఉంది. 1925లో బారింగ్టన్ అనే ఆయన పిల్లుల్లో దీన్ని గుర్తించాడు. దాని మీద మళ్లీ మెదడు ముందుభాగం "ఇప్పుడు కాదు, బెంజ్ సర్కిల్ దాటనీ" అని ఆజ్ఞలు వేస్తుంటుంది.

బస్సులో గంటసేపు ఆగుతుంది. ఇంటికొచ్చి తాళం చెవి తీస్తే ఇక ఆగదు. ఇదేం చోద్యం?

చోద్యం కాదు, చాలామందికి ఉంటుంది. ఇల్లు చేరామన్న సంకేతం అందగానే పై ఆజ్ఞ సడలుతుంది. అప్పుడప్పుడూ అయితే పట్టించుకోనక్కర్లేదు. రోజూ అలాగే అయి, తలుపు దగ్గరే తడిసిపోతుంటే అది అతి చురుకు మూత్రాశయం, ఇంగ్లీషు పొడి అక్షరాల్లో ఓఏబీ.

ఈ ఓఏబీ ఒక్క జబ్బు పేరు కాదు, ఒక ఫిర్యాదు పేరు. కొందరిలో లోపలి పొర కొంచెం సాగినా ఎక్కువ ఏటీపీ వదులుతుంది, అంటే కబురు గోరంతైతే చాటింపు కొండంత. కొందరిలో కండర కణాలే ఒకదానికొకటి అంటుకుని, నరం చెప్పకముందే బిగుసుకుంటాయి. ఇంకొందరిలో మెదడు నుంచి రావాల్సిన అదుపు తగ్గుతుంది. పక్షవాతం తర్వాత, పార్కిన్సన్స్‌లో వచ్చేది ఇదే. ఆరోగ్యంగా ఉన్న మనిషి మూత్రాశయంలో కండరం బిగియడానికి ఏటీపీ పాత్ర నామమాత్రం. జబ్బుపడ్డ సంచిలో అది పెరుగుతుంది. అందుకే ఎసిటైల్‌కోలిన్‌ను ఆపే మందు వేసినా కొందరికి ఫలితం అంతంతమాత్రం.

పక్కింటి పిన్నిగారికి ఒక మాత్రతో తగ్గింది. అదే మా అమ్మకు వేయొచ్చా?

వద్దు. పైన చెప్పినదంతా ఈ ఒక్క మాట కోసమే.

సోలిఫెనాసిన్, టోల్టెరోడిన్, ఆక్సీబ్యుటినిన్ లాంటివి మస్కారినిక్ రిసెప్టర్ల మీద కూర్చుని ఎసిటైల్‌కోలిన్‌కు చోటు లేకుండా చేస్తాయి. ఎం3 ఉండేది ఒక్క మూత్రాశయంలోనే కాదు. లాలాజల గ్రంథుల్లో ఉంది, పేగుల్లో ఉంది, కంటిలో ఉంది. నోరెండిపోవడం, మలబద్ధకం, చూపు మసకబారడం అందుకే. మెదడులో జ్ఞాపకానికి సంబంధించినది ఎం1. ఆక్సీబ్యుటినిన్ లాంటివి మెదడులోకి సులువుగా చేరతాయి. డెబ్బై దాటిన పెద్దావిడ నాలుగు రోజులుగా అయోమయంగా మాట్లాడుతుంటే కొత్తగా ఏం మాత్ర మొదలుపెట్టారో ముందు చూడాలి.

మిరాబెగ్రాన్ దారి వేరు. అది బీటా-3ని తట్టి కండరాన్ని వదులు చేస్తుంది. నోరు పెద్దగా ఎండదు. కానీ బీపీ పెంచవచ్చు, అదుపులో లేని బీపీ బాగా ఎక్కువగా ఉన్నవాళ్లకు ఇవ్వరు. పిన్నిగారికి బీపీ లేదు, మీ అమ్మగారికి ఉందనుకోండి. ఫిర్యాదు ఇద్దరిదీ ఒకటే, మాత్ర మాత్రం ఒకరిదింకొకరికి సరిపోదు.

గుంటూరు కారం తింటే మూత్రం మంట వస్తుందా?

ఇది అడగని ఊరు ఉంటుందేమో గానీ గుంటూరులో అడగని మనిషి లేడు.

మిరపలో మంట పుట్టించేది కాప్సైసిన్. అది తాకే ద్వారాన్ని 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది. పేరు టీఆర్‌పీవీ1. పటపౌటియన్‌తో కలిసి 2021 నోబెల్ పంచుకున్నది ఆయనే. అసలు ఈ ద్వారం కాలే వేడిని పసిగట్టడానికి ఉంది. సుమారు 43 డిగ్రీలు దాటితే తెరుచుకుంటుంది. కాప్సైసిన్ దాన్ని మామూలు వేడిలోనే తెరిచేస్తుంది కాబట్టి నాలుక నిజంగానే కాలిందని మెదడు నమ్ముతుంది. మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిరప బస్తాలు, విప్పుతున్నప్పుడు పక్కన నిలబడితే కళ్లు, ముక్కు, గొంతు ఒక్కసారే మండేది దీనివల్లే. మూత్రాశయం నరాల్లోనూ ఇదే ద్వారం ఉంది.

మరి తిన్న కారం అక్కడికి చేరుతుందా? తిన్నదాంట్లో చాలా భాగాన్ని కాలేయమే విరిచేస్తుంది. సంచి పొర బాగున్న మనిషికి ఆవకాయ ముద్ద వల్ల మూత్రాశయం చెడదు. కానీ ఇంటర్‌స్టీషియల్ సిస్టైటిస్ అనే జబ్బులో ఆ లోపలి పొర చిల్లులు పడ్డ చూరులా ఉంటుంది. మూత్రంలోని పొటాషియం గోడలోకి ఇంకి నరాలను రెచ్చగొడుతుంది, మాస్ట్ కణాలు హిస్టమిన్ వదులుతాయి. అలాంటి వాళ్లలో కారం, పులుపు, కాఫీ తిన్నరోజు బాధ పెరిగిందని చెప్పేవాళ్లు చాలామంది. వాళ్లను "అంతా మీ మనసులోనే ఉంది" అని పంపేయడం నేను చూశాను. క్రిములను పెంచి చూసే కల్చర్ పరీక్షలో ఏమీ రాదు కాబట్టి అబద్ధమని కాదు.

తమాషా ఏమిటంటే కాప్సైసిన్‌ను మందుగా కూడా వాడి చూశారు. గొట్టం ద్వారా నేరుగా సంచిలోకి ఎక్కిస్తే మొదట భగ్గుమని మండి, తర్వాత ఆ నరాల కొనలు అలిసిపోయి కబుర్లు పంపడం మానేస్తాయి. వెన్నుపాము దెబ్బతిన్న రోగులకు అలా కొంత ఉపశమనం దొరికింది. మొరాకోలో పెరిగే జెముడులాంటి మొక్క నుంచి తీసే రెసినిఫెరాటాక్సిన్ కాప్సైసిన్ కంటే ఎన్నో రెట్లు ఘాటు. దాన్నీ ప్రయత్నించారు. బొటాక్స్ వచ్చాక రెండూ వెనకబడ్డాయి.

ఆ బొటాక్స్ ముఖానికి వేసేది కాదా?

అదే. నరం కొనలో ఎసిటైల్‌కోలిన్ చిన్న చిన్న సంచుల్లో సిద్ధంగా ఉంటుంది. అవి బయటికి తెరుచుకోవాలంటే స్నాప్-25 అనే ప్రొటీన్ కావాలి. బొటాక్స్ దాన్ని కత్తిరించేస్తుంది. మాత్రలు పనిచేయని ఓఏబీలో సాధారణంగా 100 యూనిట్లు, నరాల జబ్బు వల్లైతే 200, సన్నటి సూదితో గోడలో చాలాచోట్ల పొడుస్తారు. ప్రొటీన్ మళ్లీ తయారవుతుంది కాబట్టి కొన్ని నెలలకు ప్రభావం పోతుంది, మళ్లీ చేయించుకోవాలి. ప్రభావం మించితే సంచి సరిగా బిగియదు, కొన్నాళ్లు గొట్టం వేసుకోవాల్సి రావచ్చు. ఇది ముందే చెప్పించుకుని ఒప్పుకోండి.

ఎండాకాలం వేడి చేసి చురుక్కుమంటుంది. బొడ్డులో ఆముదం, బార్లీ నీళ్లు పనిచేస్తాయా?

బార్లీ నీళ్లు పనిచేస్తాయి, ఎందుకంటే అవి నీళ్లు. మేలో మన బెజవాడ ఎండకు చెమటగా పోయింది పోగా మూత్రం చిక్కబడుతుంది. లవణాలు, యూరియా గాఢత పెరిగి దారిపొడవునా చురుక్కుమంటుంది. మజ్జిగ, సబ్జా గింజల నీళ్లు, కొబ్బరి నీళ్లు ఏవైనా పలుచన చేస్తాయి. బొడ్డులో ఆముదం మూత్రాశయానికి చేరే దారి లేదు. హాయిగా ఉంటే రాసుకోండి, అమ్మమ్మ చెయ్యి తగిలినట్టుంటుంది.

రెండు రోజులు బాగా నీళ్లు తాగినా తగ్గకపోతే, చలిజ్వరం, నడుం పక్కన నొప్పి, మూత్రం వాసన, మబ్బుగా రావడం ఉంటే అది వేడి కాదు, ఇన్ఫెక్షన్. సాధారణంగా దోషి ఇ.కోలై. దాని ఒంటి మీద నూగు లాంటి పోగులుంటాయి. పోగు కొనన ఫిమ్‌హెచ్ అనే ప్రొటీన్ గొడుగు కణాల మీది యూరోప్లాకిన్‌కు అంటి ఉన్న మానోజ్ అనే చక్కెరను పట్టుకుంటుంది. మూత్రం ధార కడిగేస్తుందిలే అనుకుంటాం. లాగేకొద్దీ బిగుసుకునే జారుముడిలా, ధార తాకిడికి ఆ పట్టు ఇంకా గట్టిపడుతుంది. కొన్ని క్రిములు కణం లోపలికే దూరి గుంపులు కడతాయి. యాంటీబయాటిక్ బయట ఉన్నవాటిని చంపుతుంది, లోపల దాక్కున్నవి కొన్ని వారాల తర్వాత బయటపడతాయి. పోయినసారి మిగిలిన మాత్రలు రెండు వేసుకోవడం దీనికి మందు కాదు, క్రిములకు కసరత్తు చేయించడం. మందుకు ముందే యూరిన్ కల్చర్‌కు ఇవ్వండి.

నెలసరి ఆగిన ఆడవాళ్లలో ఇది మాటిమాటికీ రావడానికి ఈస్ట్రోజెన్ తగ్గడం పెద్ద కారణం. యోనిలో మేలు చేసే లాక్టోబాసిల్లస్ తగ్గిపోయి ఆమ్లగుణం పోతుంది, ఇ.కోలైకి కాపురం పెట్టడానికి చోటు దొరుకుతుంది. అక్కడ మాత్రమే రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీమ్ ఇలాంటి ఇన్ఫెక్షన్లను తగ్గిస్తుంది. సిగ్గుపడి అడగరు గానీ, అడగాల్సిన ప్రశ్న.

షుగర్ ఉంది. మొదట్లో మాటిమాటికీ వెళ్లేవాణ్ణి, ఇప్పుడు అంతగా రావడం లేదు. తగ్గినట్టేనా?

తగ్గినట్టు కాకపోవచ్చు, అదే భయం. రక్తంలో గ్లూకోజ్ 180 మి.గ్రా. దాటితే మూత్రపిండాలు పూర్తిగా వెనక్కి పీల్చుకోలేవు. చక్కెర తనతో నీళ్లనూ లాక్కుపోతుంది. సంచికి పని పెరిగి గోడ మందమవుతుంది. ఇది మొదటి దశ. ఏళ్లు గడిచేకొద్దీ అధిక గ్లూకోజ్ నరాల్లో సార్బిటాల్‌గా మారి పేరుకుంటుంది, ఆక్సిడేటివ్ ఒత్తిడి పెరుగుతుంది, నరాలను పోషించే సన్నటి రక్తనాళాలు మూసుకుపోతాయి. కాళ్లు తిమ్మిరెక్కి చెప్పు జారినా తెలియనట్టే, మూత్రాశయానికీ నిండింది తెలియకుండా పోతుంది. అర లీటరు దాటినా కబురు రాదు, వెళ్లినా పూర్తిగా ఖాళీ కాదు. మిగిలిన దాంట్లో ఇన్ఫెక్షన్. పాస్‌కి వెళ్లి రాగానే స్కాన్ చేసి ఎంత మిగిలిందో చూస్తారు, చేయించుకోండి. ఆలోగా రాకపోయినా మూడు నాలుగు గంటలకోసారి వెళ్లండి.

ఇంకో సంగతి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు చక్కెరను మూత్రంలోకి పంపడానికే ఉన్నాయి. అవి మొదలుపెట్టాక ఎక్కువసార్లు వెళ్తుంటే మూత్రాశయం చెడిపోయిందనుకుని మానేయకండి, డాక్టరు గారికి చెప్పండి.

నాన్నగారికి ప్రొస్టేట్ ఉంది. జలుబు మాత్ర వేసుకుంటే పాస్ ఆగిపోయిందంటే నమ్మొచ్చా?

నమ్మండి. మా ఇంట్లోనే జరిగింది. నాలుగేళ్ల క్రితం సంక్రాంతి రోజుల్లో మా నాన్నగారికి జలుబు చేసింది. వీధి చివర మందుల షాపులో అడిగితే రెండు పూటలకు మాత్రలిచ్చారు. రాత్రి పదకొండున్నరకు బాత్రూమ్‌లో కుళాయి తిప్పి వదిలేసి నిలబడ్డారు, నీటి చప్పుడుకైనా వస్తుందేమోనని. ఒక్క చుక్క రాలేదు. రెండింటికి పొత్తికడుపు కుండలా గట్టిగా అయింది, పంచె ముడి కూడా భరించలేకపోయారు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తే గొట్టం వేశారు. సంచి నిండి, కొలిస్తే 900 మి.లీ. పైన ఉంది. పాఠం చెప్పేది నేను, స్ట్రిప్ వెనక తిప్పి చూడనిదీ నేనే.

ఆ స్ట్రిప్‌లో రెండు మందులున్నాయి. ముక్కు దిబ్బడకు ఫినైలెఫ్రిన్. అది ఆల్ఫా రిసెప్టర్లను తట్టి ముక్కులో నాళాలను బిగిస్తుంది, సంచి మెడనూ బిగిస్తుంది. తుమ్ములకు క్లోర్‌ఫెనిరమిన్. అది ఎసిటైల్‌కోలిన్‌ను అడ్డుకుని డెట్రూజర్ బలం తగ్గిస్తుంది. అసలే ఉబ్బిన ప్రొస్టేట్ వల్ల దారి సన్నం, ఆపైన తలుపు బిగించి, తోసేవాడి చేతులు కట్టేసినట్టయింది. టామ్సులోసిన్ చేసేది సరిగ్గా దీనికి ఉల్టా, ఆల్ఫా-1ను ఆపి మెడను వదులు చేస్తుంది. ఫినాస్టెరైడ్ ఇంకో దారిలో వెళ్తుంది. టెస్టోస్టిరాన్ డీహెచ్‌టీ అనే ఇంకా బలమైన హార్మోన్‌గా మారకుండా ఆపి నెలల మీద గ్రంథిని కుదిస్తుంది, వారంలో ఫలితం చూడకూడదు.

ఏళ్ల తరబడి అడ్డుకు ఎదురు తోసీ తోసీ కండరం మందమవుతుంది, రక్తం చాలక నరాలు కొన్ని చచ్చిపోతాయి, వాటి చోట కొల్లాజెన్ పేరుకుంటుంది. అప్పుడు ఆపరేషన్ చేసి దారి తెరిచినా తోసే బలం ఉండదు. "వయసు కదా" అని వాయిదా వేసేవాళ్లకు ఈ ముక్క చెబుతుంటాను.

దగ్గినా తుమ్మినా చుక్క పడుతుంది.

ఇది సంచి తప్పు కాదు. సంచి నుంచి మూత్రం బయటికొచ్చే నాళం కింద ఆనిక బలహీనపడటం, కాన్పుల తర్వాత ఎక్కువ. పైన చెప్పిన మాత్రలు దీనికి పనిచేయవు. కటి కండరాల వ్యాయామం నేర్పించుకోండి, నెలలు పట్టినా ఫలితముంటుంది.

కాఫీ, టీ మానాలా?

కెఫీన్ అడెనోసిన్ రిసెప్టర్లను అడ్డుకుని మూత్రం పెంచుతుంది. ఆపుకోలేని తొందర ఉన్నవాళ్లు సాయంత్రం కప్పు మానితే రాత్రి నిద్రలో తేడా కనిపించవచ్చు. పొద్దున ఫిల్టర్ కాఫీ జోలికి నేను రాను.

రాత్రి మూడుసార్లు లేస్తున్నాను, పగలు మామూలే.

సంచి కంటే మూత్రపిండాలను అనుమానించండి. రాత్రిపూట వాసోప్రెసిన్ హార్మోన్ మూత్రపిండాల్లో ఆక్వాపోరిన్-2 అనే నీటి ద్వారాలు పెట్టించి నీళ్లు వెనక్కి లాక్కుంటుంది. వయసుతో ఇది తగ్గుతుంది. పగలంతా నిలబడి కాళ్లు వాచేవాళ్లకు పడుకోగానే ఆ నీరంతా రక్తంలోకొచ్చి మూత్రమవుతుంది. డెస్మోప్రెసిన్ అనే మందుంది గానీ పెద్దవాళ్లలో రక్తంలో సోడియం ప్రమాదకరంగా పడిపోవచ్చు, పరీక్షలు లేకుండా వాడకూడదు.

ఇవి వంశంలో వస్తాయా?

ఎక్కువ భాగం నేరుగా రావు. అరుదుగా ఒక్క జన్యువు వల్లే వచ్చేవి ఉన్నాయి. ఓచోవా సిండ్రోమ్ అని ఒకటుంది. హెచ్‌పీఎస్‌ఈ2 జన్యువు రెండు కాపీలూ దెబ్బతింటే వస్తుంది. బిడ్డ నవ్వితే ముఖం ఏడుస్తున్నట్టు ముడుచుకుంటుంది, మూత్రాశయం సరిగా ఖాళీ కాదు. తల్లిదండ్రులు దగ్గరి బంధువులైతే ఇలాంటి జబ్బులకు అవకాశం పెరుగుతుంది కాబట్టి, మేనరికాలున్న మన ఇళ్లలో పిల్లల డాక్టరు గారు చుట్టరికం అడిగితే దాచకండి. సీహెచ్‌ఆర్‌ఎం3, అంటే ఎం3 రిసెప్టర్ జన్యువే, చెడిన కుటుంబాల్లో పుట్టుకతోనే మూత్రాశయం బిగియని పిల్లలు పుట్టారు. ఎం3 పెత్తనానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

నొప్పి లేదు, మంట లేదు, ఒకసారి ఎర్రగా వచ్చి మళ్లీ మామూలైంది.

బీట్‌రూట్ తినకపోతే ఆ వారంలోనే యూరాలజిస్టు దగ్గరికి వెళ్లండి. ముఖ్యంగా చుట్ట, బీడీ, సిగరెట్ తాగేవాళ్లు, ఎప్పుడో మానేసినవాళ్లు కూడా. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం ఉన్న ఊళ్లో ఈ మాట చెప్పడం కొంచెం ఇబ్బందే గానీ, పొగలోని ఆరోమాటిక్ అమైన్లు రక్తంలో కలిసి, మూత్రపిండాలు వడకట్టాక మూత్రంలోకి చేరి, గంటల తరబడి సంచి గోడకు ఆనుకుని కూర్చుంటాయి. కణాల డీఎన్‌ఏకు అంటుకుని మార్పులు తెస్తాయి. వాటిని త్వరగా విరిచేయలేని ఎన్‌ఏటీ2 రకం ఎంజైమ్ ఉన్నవాళ్లకు ముప్పు ఇంకొంచెం ఎక్కువ. మూత్రాశయ క్యాన్సర్ చాలాసార్లు నొప్పి లేని రక్తంతోనే మొదలవుతుంది.

డాక్టరు దగ్గరికి ఏం పట్టుకెళ్లాలి? ఎక్కడికెళ్లాలి?

గుంటూరు పెద్దాసుపత్రిలో, మంగళగిరి ఎయిమ్స్‌లో యూరాలజీ విభాగాలున్నాయి. విజయవాడ సూర్యారావుపేటలో, గుంటూరు కొత్తపేటలో ప్రైవేటు వాళ్లకు లోటే లేదు. ఎక్కడికెళ్లినా మూడు రోజుల డైరీ పట్టుకెళ్లండి. మి.లీ. గీతలున్న ప్లాస్టిక్ మగ్గు ఒకటి బాత్రూమ్‌లో పెట్టుకోండి. లేచిన దగ్గర నుంచి ఏ టైముకి ఎంత తాగారు, ఏ టైముకి ఎంత పోశారు, తొందరగా వచ్చిందా, తడిసిందా, రాత్రి ఎన్నిసార్లు లేచారు, అంతే. వేసుకుంటున్న ప్రతి మాత్ర స్ట్రిప్పూ సంచిలో వేసుకోండి, జలుబువి కూడా. ఒక్కోసారికి 80 మి.లీ. చొప్పున రోజుకు పద్దెనిమిది సార్లు పోసిన మనిషికీ, 350 చొప్పున పదిసార్లు పోసిన మనిషికీ ఫిర్యాదు ఒకటే: "మాటిమాటికీ వస్తుందండీ". మొదటి మనిషికి సంచిని చూడాలి, రెండో మనిషికి ముందు షుగర్, తర్వాత తాగే నీళ్లు. ఆ తేడా మగ్గు మీద గీతల్లో తెలుస్తుంది.